మంచినీళ్ళ పూలు

ఆ ఏడు కార్తీకం సగం కూడా గడవకముందే మా ఇంటిముందున్న బిళ్ళగన్నేరు మొక్కలన్నీ పీకేశాను. మా అన్నయ్య పీకమన్నాడు.

బిళ్ళగన్నేరుకి వంకపెట్టడానికేమీ లేదు. నీళ్ళు పోసినా పోయకపోయినా పూస్తుంది. గొడ్డు ముట్టదు. మా ఆవిడ మాణిక్యం కొన్నేళ్ళుగా దేవుడికి ఆ పూలే పెడుతోంది. ఇష్టపడి కాదు, మా వాకిట్లో ఇంకో పువ్వు బతకదు గనక. చల్లపల్లి దాటి సముద్రం వైపు దిగిన ఏ ఊళ్ళోనైనా అడగండి, ఇంటిముందు పూలు చూసి ఆ ఇంటి బోరు సంగతి చెబుతారు. బిళ్ళగన్నేరు, కాగితంపూలు, ఎర్రగన్నేరు తప్ప ఇంకేం లేవంటే నీళ్ళు ఉప్పు. గులాబీ, చామంతి, కనకాంబరం ఉన్నాయంటే మంచినీళ్ళు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా గుమ్మం ఎక్కకముందు ఆ పక్కకి ఓ చూపు చూస్తారు. అల్లుడి చదువు తర్వాత సంగతి. పిల్ల బిందె మొయ్యాలా అక్కర్లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

మా బోరు మొదట్నుంచీ ఉప్పు కాదు. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు తవ్వుతున్న రోజుల్లో మా అన్నయ్య వెంకటకృష్ణారావు మా పల్లపు చేను కూడా తవ్వించాడు. అన్నయ్య నాకంటే చదువుకున్నవాడు, మాట నేర్చినవాడు. నేను వద్దనలేదు, సరేననలేదు. రెండు పంటలు బాగా వచ్చాయి. మూడో పంటకి తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యంతా తేలిపోయింది. చెరువు ఎండింది గానీ ఉప్పు మాత్రం నేలలోకి దిగి కూర్చుంది. చేలో గడ్డి మొలవలేదు. బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తలంటుకుంటే జుట్టు చీపురులా నిలబడుతుంది. తాగడానికీ వండడానికీ నేను సైకిలుకి రెండు డబ్బాలు కట్టుకుని లాకుల దగ్గర కాలవ నీళ్ళు తెచ్చేవాణ్ణి. కాలవ కట్టేసినప్పుడు మాత్రం బోరు నీళ్ళే గతి.

అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. అన్నయ్య, వదిన కనకలక్ష్మి, నేను, మాణిక్యం. అన్నయ్య పిల్లలు విజయవాడ హాస్టల్లో చదువుకుంటున్నారు. మాకు పిల్లల్లేరు.

ఆ ఎండాకాలంనుంచే మాణిక్యానికి కాళ్ళు వాస్తున్నాయి. పొద్దున లేస్తే మొహం కూడా ఉబ్బి ఉండేది. విజయవాడ తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరు, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి, మాత్రలు రాస్తాను, అన్నిటికంటే ముందు తాగే నీళ్ళు మార్చండి అన్నాడు. మా ఊళ్ళో నీళ్ళు మార్చడమంటే ఇల్లు మార్చడమే. తిరిగొచ్చిన రోజే అన్నయ్య అన్నాడు, ఇల్లమ్మేద్దాం, విజయవాడ పటమటలో రెండు వాటాల ఇల్లు చూసుకుందాం, అందరం కలిసే ఉందాం అని. ఆ మాట అన్నందుకు అన్నయ్యమీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. తర్వాత జరిగింది వేరు.

పటమటలో పంపు తిప్పితే కృష్ణ నీళ్ళు వస్తాయని వదిన చెప్పింది మాణిక్యానికి. అది విన్నప్పటినుంచీ మాణిక్యం ఇంట్లో ఏ వస్తువు పట్టుకెళ్ళాలో, ఏది ఎవరికిచ్చెయ్యాలో మనసులోనే సర్దుకుంటోందని దాని చూపు చూస్తే తెలిసేది.

బ్రోకరు తిరుపతిరావుది చల్లపల్లి. ఇల్లంతా తిరిగి చూశాడు. గోడలు తట్టాడు. రోడ్డుమీదికి ఇల్లు, పక్కన అంత ఖాళీ స్థలం, దూలాలు టేకువి, దేనికీ వంక లేదన్నాడు. వాకిట్లోకి వచ్చి నిలబడి నవ్వాడు.

"కృష్ణారావుగారూ, ముందర ఆ బిళ్ళగన్నేరు వనం తీసెయ్యండి. మా నీళ్ళు ఉప్పండోయ్ అని బోర్డు కట్టినట్టుంది."

"తీసేస్తే బోడిగా ఉంటుందిగా," అన్నాడు అన్నయ్య.

"బోడిగా ఎందుకుంచుతారు? మంచినీళ్ళ పూలు పెట్టండి."

అదీ మొదలు.

మొక్కలకి నన్ను వెంటబెట్టుకుని విజయవాడ వెళ్ళాడు అన్నయ్య. బందరు రోడ్డు పక్కన మొక్కలమ్మే ఒకాయన వరసగా కుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు కాగితంపూలు చూపించాడు, రాయిమీద పెట్టినా బతుకుతుందండీ అన్నాడు. అన్నయ్య వద్దన్నాడు. నూరువరహాలు చూపించాడు. అన్నయ్య నా వైపు తిరిగి, ఇది ఉప్పుకి చస్తుందా అని మెల్లిగా అడిగాడు. తొందరగా చావదన్నాను. అయితే వద్దన్నాడు. అలా ఒక్కో మొక్కా నన్నడగడం, గట్టిదైతే పక్కన పెట్టించడం. ఆ మొక్కలాయన కాసేపు చూసి చూసి అడిగాడు.

"ఎవరైనా బతికే మొక్క అడుగుతారండీ. మీరేంటి, చచ్చేవి ఏరుకుంటున్నారు?"

అన్నయ్య నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు. పసుపు చామంతి, తెల్ల చామంతి, కనకాంబరం, నాలుగు ఎర్ర గులాబీలు తీసుకున్నాం. బస్సు టాపుమీద కట్టించుకుని వస్తుంటే కండక్టరు, ఎవరిదండీ పెళ్ళి అని దారంతా ఆటపట్టించాడు.

మోకాలి లోతున వాకిట్లో మట్టి తవ్వి పారబోశాను. కాలవ గట్టు మట్టి తెచ్చి నింపాను. మొక్కలు పాతిందంతా మాణిక్యమే. పాతేటప్పుడు కొంగు నడుముకి దోపుకుని, వాచిన కాళ్ళు ఓ పక్కకి ముడుచుకుని నేలమీద కూర్చునేది. చామంతి వేరు పట్టేదాకా మధ్యాహ్నంపూట నీడకోసం కొబ్బరాకు కప్పేది. పొద్దునా సాయంత్రం ఒక్కో మొదట్లో గ్లాసుతో కొలిచినట్టు పోసేది. బోరు నీళ్ళ చుక్క పొరపాటున కూడా అటు పడకూడదని పళ్ళు తోముకోవడం కూడా పెరట్లోకి మార్చుకున్నాం.

ఆ నీళ్ళన్నీ కాలవ నీళ్ళే. డబ్బాలు అవే, సైకిలూ అదే, కాళ్ళూ అవే. తిరగడం పెంచాను. ఎంత తిరిగినా ఒక్కోరోజు వంతులు కట్టి కాలవ ఎండబెట్టేవాళ్ళు. అలాంటి రోజున మొక్కలకి ఉన్నాయి, మనకి లేవు అన్నట్టు అయ్యేది. వంటకీ, అన్నయ్యకీ, వదినకీ, నాకూ మాణిక్యం కాలవ నీళ్ళే పెట్టేది. దాని గ్లాసులో ఏముందో నేను చాలా రోజులు చూసుకోలేదు. ఒకరోజు అది నిమ్మకాయ పిండుకుంటుంటే అడిగాను.

"పిండితే ఉప్పు తెలీదండీ," అంది. "ఎన్నాళ్ళులే. ఇల్లమ్మేదాకేగా."

నేను డబ్బా నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చాను. తాగింది. మర్నాడు మళ్ళీ నిమ్మకాయ కోసుకుంది.

మార్గశిరం వచ్చేసరికి వాకిలి పచ్చబడింది. చామంతి మొగ్గ తొడిగింది. తర్వాత ఒక మంచు పొద్దున లేచి చూస్తే పసుపూ తెలుపూ ఒక్కసారే విచ్చుకుని ఉన్నాయి. రోడ్డున పోయే పాలవాళ్ళు సైకిలు దిగి చూశారు. మా ఊరివాళ్ళు ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ తెలుసు. ఇవాళ మేము, రేపు వాళ్ళు. ఇల్లమ్మేవాడి నోటికి మా ఊళ్ళో ఎవరూ అడ్డం రారు.

మాణిక్యం మాత్రం ఆ నాలుగురోజులూ ఏ పని చేస్తున్నా వాకిట్లోకి వచ్చి వెళ్ళేది. అమ్మడానికి పెట్టిన పూలని అది మరిచిపోయినట్టుండేది.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా తిరుపతిరావు ఒక పెద్దావిడని ఆటోలో తీసుకొచ్చాడు. శౌరమ్మగారు. విజయవాడలో ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారట. ఒంటరి మనిషి. తెల్ల చీర, చేతిలో గొడుగు. ఉద్యోగమంతా క్వార్టర్సులోనే గడిచిపోయిందట. ఇన్నాళ్ళూ కుండీలో ఒక గులాబీ తప్ప పెంచలేదు, నేలమీద తోట వేసుకోవాలని ఆశ అన్నారు. ఇంట్లోకి వెళ్ళనే లేదు. వాకిట్లోనే వంగి చామంతి ఆకు నలిపి వాసన చూసుకున్నారు.

"మా బోరు నీళ్ళేనండీ," అన్నాడు అన్నయ్య. "కొబ్బరినీళ్ళల్లే ఉంటాయి."

ఆవిడ మొహం చూస్తే ఇల్లు కొనేసినట్టే ఉంది. తిరుపతిరావు నా వైపు చూసి కన్ను గీటాడు. అప్పుడే మాణిక్యం మజ్జిగ గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చింది. శౌరమ్మగారు గ్లాసు అందుకోలేదు. మాణిక్యం మొహంకేసి చూశారు, కాళ్ళకేసి చూశారు. గొడుగు అరుగుమీద పెట్టి, కూర్చోమ్మా అన్నారు. మాణిక్యం కూర్చుంది. ఆవిడ కిందికి వంగి బొటనవేలితో మాణిక్యం పిక్కమీద అదిమి పట్టి వదిలారు. అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

మాణిక్యం చెప్పింది.

"ఏ నీళ్ళు తాగుతున్నావమ్మా నువ్వు?"

అన్నయ్య ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. ఆవిడ చెయ్యి ఇంకా మాణిక్యం కాలిమీదే ఉంది. మాణిక్యం అన్నయ్య వైపు చూసింది, నా వైపు చూసింది, చామంతుల వైపు చూసింది. లేచి పెరట్లోకి వెళ్ళింది. బోరు స్విచ్చి వేసిన చప్పుడు వినపడింది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆవిడ చేతికిచ్చింది.

శౌరమ్మగారు ఒక గుక్క తాగారు. ఉమ్మెయ్యలేదు. మింగి, గ్లాసు తిరిగి ఇచ్చేశారు.  గొడుగు తీసుకుంటూ మాణిక్యంతో మాత్రం అన్నారు.

"పెద్దాస్పత్రికి రా. ఆలస్యం చెయ్యకు తల్లీ."

ఆటో వెళ్ళిపోయింది. తిరుపతిరావు ఆటోలోనే వెనక్కి తిరిగి చేతులు తిప్పాడు, ఇంక నావల్ల కాదన్నట్టు.

అన్నయ్య పైకి అరిచే మనిషి కాదు. అరుగుమీద కూలబడ్డాడు. వదిన ఆగలేకపోయింది.

"నీకోసం కాదూ తల్లీ ఇదంతా? నీ కాళ్ళు నువ్వే నరుక్కుంటావా?"

"ఆవిడ నా కాలు పట్టుకుని అడిగింది అక్కా," అంది మాణిక్యం. "ఏం చెప్పను?"

అప్పుడన్నాడు అన్నయ్య, తమ్ముడి భార్యతో ఎప్పుడూ సూటిగా మాట్లాడనివాడు, గోడకేసి చూస్తూ.

"ఇంకోసారి ఎవరైనా వస్తే గడప దాటనని మాటియ్యమను."

"దాటను బావగారూ," అంది మాణిక్యం.

మర్నాడు పొద్దున మొక్కలకి నీళ్ళు పోస్తూ నాతో ఒకే మాట అంది. ఆవిడ కొనుక్కుని ఉంటే వచ్చే ఏడు ఆవిడ కాళ్ళు వాచేవండీ అంది. నేను డబ్బాలు కట్టుకుని కాలవకి వెళ్ళిపోయాను.

సంక్రాంతి వెళ్ళాక కొల్లేటి వైపునుంచి ఒక జంట మోటారుసైకిలుమీద వచ్చింది. చేపల వ్యాపారమని చెప్పాడు తిరుపతిరావు. ఆయన పేరు కాశీరావు, ఆవిడ కొండలమ్మ. రోడ్డుమీద ఇల్లు కావాలట, పక్కన స్థలం ఉండాలట. చామంతి అప్పుడు మంచి పూతమీద ఉంది. ఒక్కో చెట్టూ ఒంగిపోయేంత పూసింది. మాణిక్యం ముందే వంటింట్లోకి వెళ్ళి తలుపు పక్కన కూర్చుంది.

ఆయన కొలిచింది ఇంటిని కాదు. ఇంటి పక్క ఖాళీ స్థలాన్ని అడుగులతో కొలుచుకుంటూ అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ నడిచాడు. కరెంటు మూడు ఫేజులదా అని అడిగాడు. లారీ వెనక్కి తిప్పుకోవడానికి చోటు చాలుతుందా అని చూసుకున్నాడు. తలాడిస్తున్నాడు. ఆవిడ మాత్రం పూల దగ్గరే నిలబడిపోయింది. మొగుడు వచ్చాక చామంతులకేసి చూపించి ఏదో అంది. ఆయన మొహం కొద్దిగా వాడింది.

"ఇవన్నీ ఈ బోరు నీళ్ళకేనాండి?"

"ఆహా. వేరే నీళ్ళెక్కడివండీ," అన్నాడు అన్నయ్య.

"ఓ గ్లాసు ఇప్పిస్తారా?"

అన్నయ్య తనే లోపలికి వెళ్ళాడు. వెనకాలే నేను గుమ్మందాకా వెళ్ళాను. మాణిక్యం పక్కనే బోరు నీళ్ళ బకెట్టు ఉంది. పైన గట్టుమీద కాలవ నీళ్ళ కుండ. అన్నయ్య ఎవరివైపూ చూడకుండా కుండలో గ్లాసు ముంచాడు. మాణిక్యం గడపకేసి చూస్తూ కూర్చుంది, దాటలేదు.

కాశీరావు సగం తాగి మిగతాది పెళ్ళానికిచ్చాడు. ఆవిడ తాగి గ్లాసు అరుగుమీద బోర్లించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"తియ్యగా ఉన్నాయండి," అన్నాడాయన. "అదృష్టవంతులు. ఈ పక్క ఇలాంటి నీళ్ళు దొరకవు."

కబురు చేస్తామని వెళ్ళిపోయారు. మోటారుసైకిలు మలుపు తిరిగేటప్పుడు కొండలమ్మ వెనక్కి తిరిగి చూసింది. పూలకేసి కాదు, పక్కనున్న ఖాళీ స్థలంకేసి. బజారులో నచ్చిన చీర ధర కుదరక వదిలేసి వెళ్ళేవాళ్ళు చూసే చూపు అది. నాకు అర్థం కాలేదు. అన్నయ్యకి చెప్పలేదు కూడా. ఆ సాయంత్రం అన్నయ్య చల్లపల్లినుంచి మిఠాయి తెచ్చాడు. అయిపోయినట్టేరా అన్నాడు. మాణిక్యానికి కూడా ఒక ముక్క పంపించాడు.

కబురు రాలేదు. మాఘం సగమైంది. తిరుపతిరావు మా వైపు రావడమే మానేశాడు. ఒకరోజు చల్లపల్లి సంతలో నాకూ అన్నయ్యకీ ఎదురుపడితే తప్పించుకోలేక నిలబడ్డాడు. కాశీరావు ఇల్లు కొనేశాడట. మా పక్క ఊళ్ళోనే, రామకోటేశ్వరరావుగారి పాడు పెంకుటిల్లు. ముందర కాగితంపూల చెట్టు తప్ప పూలన్నవి లేని ఇల్లు.

"వాళ్ళ నీళ్ళు ఉప్పుగా," అన్నాడు అన్నయ్య.

"అదేనండీ కావలసింది ఆయనకి. రొయ్యపిల్లల్ని తెచ్చి తొట్లలో పెంచి అమ్ముతాడట. మంచినీళ్ళలో చచ్చిపోతాయి. ముందే చెబితే ఊళ్ళో రొయ్యలంటే కర్రలు తీస్తారని, ఇల్లు కావాలని మాత్రమే చెప్పాడండీ. నాకూ చెప్పలేదు, దేవుడిమీద ఒట్టు. మొదట మీ ఇల్లే అనుకున్నాట్ట, ఆ స్థలం చూసి."

 అప్పుడు అన్నయ్య అన్న మాట వింటే ఎవరైనా నవ్వుతారు.

"మా నీళ్ళు వాటికంటే ఉప్పు," అన్నాడు.

ఇంటికొచ్చి సీసా కడిగి, బోరు నీళ్ళు నింపి, బిరడా బిగించి సంచిలో పెట్టుకున్నాడు. నన్ను రమ్మన్నాడు. ఇద్దరం సైకిళ్ళమీద వెళ్ళాం. రామకోటేశ్వరరావుగారి పెరట్లో అప్పటికే సిమెంటు తొట్లు కడుతున్నారు. కాశీరావు లుంగీ ఎగ్గట్టుకుని పైపులు చూసుకుంటున్నాడు. మర్యాదగానే మంచం వాల్చి కూర్చోమన్నాడు. అన్నయ్య కూర్చోకుండా సీసా తీసి ఇచ్చాడు.

ఆయన బిరడా తీసి అరచేతిలో పోసుకుని నాలిక తగిలించాడు. ఇంకాస్త పోసుకున్నాడు.

"బాగుందండి. ఎక్కడిది?"

"మా బోరు."

కాశీరావు సీసా వెలుగుకి ఎత్తి చూశాడు. ఉప్పు కొలిచే పరికరం పట్టుకురమ్మని పనివాడికి చెప్పబోయి మానుకున్నాడు.

"ఆ రోజు నేనడిగి తాగానే, అవెక్కడివండి మరి?"

అన్నయ్య ఖాళీ సంచి మడతపెట్టాడు. 

"నాకింకో చోటు కావాలి, అబద్ధమెందుకు. మీ స్థలం మా ఆవిడకి ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఆ రోజు ఆ గ్లాసులో ఉప్పుగా ఓ గుక్క తగిలుంటే అక్కడే మాటిచ్చేవాణ్ణి." సీసా బిరడా బిగించి తిరిగి ఇచ్చాడు. "కానీ ఉప్పు నేలమీద చామంతి పూయించారు మీరు. రేపు హద్దులంటారు, దస్తావేజులంటారు. వాటిలో ఏది ఏ నీళ్ళు పోసి పెంచారో నేనెక్కడ కనుక్కోను? మీరేమీ అనుకోకండి. మీది మాత్రం వద్దండి."

తొట్లు కడుతున్న మేస్త్రీ తాపీ ఆపి విన్నాడు. కొండలమ్మ వాకిట్లో నిలబడి ఉంది. 

దారిలో కాలవ వంతెన దగ్గర అన్నయ్య సైకిలు దిగి సీసాలో నీళ్ళు పారబోశాడు. సీసా కూడా విసిరెయ్యబోయి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక మాణిక్యానికి నేనే చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని విన్నది. చివర్దాకా విని, అయితే నేను ఆ రోజు గడప దాటి ఉంటే, అని ఆగిపోయింది.  గదిలో అన్నయ్య వింటున్నాడని తెలుసు దానికి.

"బావగారు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. అన్నానికి రమ్మనండి," అంది.

మర్నాడు డబ్బాలు కట్టుకోబోతే అన్నయ్య వచ్చి నా చేతిలోంచి సైకిలు తీసుకున్నాడు. జన్మలో నీళ్ళు మోసిన మనిషి కాదు. లాకులనుంచి తొక్కుకుంటూ వచ్చి, చొక్కా అంతా తడిసిపోయి, రెండు డబ్బాలూ వంటింటి గడప దగ్గర దించాడు.

"మొక్కలకి ఏ డబ్బా బావగారూ?" అంది లోపల్నుంచి మాణిక్యం.

"మొక్కలకి లేవు," అన్నాడు అన్నయ్య. "తాగు."

వాకిట్లో చామంతి వారం తిరక్కుండా ఆకు అంచులు మాడి ముడుచుకుపోయింది. గులాబీలు ఇంకో నాలుగురోజులు నిలబడ్డాయి. ఎవరం పీకలేదు.

తర్వాత ఇల్లు చూడ్డానికి ఎవరూ రాలేదు. పక్క ఊళ్ళో కాశీరావు అన్న మాట తొట్ల మేస్త్రీ ద్వారా చల్లపల్లిదాకా పాకింది. ఏ బ్రోకరు దగ్గర మా పేరెత్తినా, ఆ చామంతుల ఇల్లా అని నవ్వేవారట. నిజం చెప్పి అమ్మాలన్నా వినేవాడు లేడు. ఫాల్గుణంలో వదిన వాళ్ళన్న మా అన్నయ్యకి విజయవాడలో తన ఎరువుల కొట్లో పని చూపించాడు. ఒక గది ఉంది, మీరూ వచ్చెయ్యండిరా అన్నాడు అన్నయ్య. ఒక గదిలో రెండు సంసారాలేమిటి, నువ్వు కుదురుకున్నాక వస్తాంలే అన్నాను. బస్సెక్కేటప్పుడు మాణిక్యానికి ఏదో చెప్పాలని ఆగాడు. బస్సు హారన్ కొట్టింది. ఎక్కేశాడు.

చైత్రంలో కాలవ కట్టేశారు. పంచాయితీ చెరువు నీళ్ళు వారానికోసారి ట్యాంకరులో వచ్చేవి, బిందెల గొడవలతో. వైశాఖం ఎండల్లో ఒకరోజు మాణిక్యం పెరట్లో గిన్నెలు తోముతూ పక్కకి ఒరిగిపోయింది. అన్నయ్యే ఎరువుల కొట్టు జీపు పంపించాడు. పెద్దాస్పత్రిలో చేర్పించాం.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. రెండు మూత్రపిండాలూ పనిచెయ్యడంలేదు. యంత్రంమీద రక్తం శుభ్రం చెయ్యాలి. ముఖ్యంగా నీళ్ళు. ఒంట్లోకి వెళ్ళిన నీళ్ళు బయటికిపోవు, ఊపిరితిత్తుల్లో చేరతాయి. రోజు మొత్తానికి ఒక చిన్న గ్లాసు, మాత్రలతో కలిపి. అంతకుమించి ఆవిడ అడిగినా ఇవ్వకండి అన్నాడు.

నేను వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలియక కూర్చున్నాను. నర్సమ్మ అప్పటికే చెప్పేసిందట. మాణిక్యం పెదాలు పగిలి ఉన్నాయి. కిటికీ అవతల వార్డు వరండాలో మొహం కడుక్కునే తొట్టి ఉంది, దానికి వరసగా పంపులు. ఎవరో కడుక్కుని సరిగ్గా కట్టకుండా వెళ్ళిపోయారు. ధార పడుతున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది. మాణిక్యం చాలాసేపు అటే తిరిగి పడుకుని విన్నది.

"అవి కృష్ణ నీళ్ళేనాండీ?"

"అవును."

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"వెళ్ళి కట్టేసి రండి," అంది. "ఊరికే పోతున్నాయి."

నేను లేచి వెళ్ళి పంపు కట్టేశాను.